సీతాఫలం ఆకు, 96 గుంటల పళ్లెం

సంపాదకుల వారికి నమస్కారం.

మా అక్క రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, ఆరోగ్యశ్రీ కాగితాలు దాచుకునే ప్లాస్టిక్ కవరులో మీ పత్రిక జిల్లా పేజీ నుంచి కత్తిరించిన ముక్క ఒకటి ఉంది. "సీతాఫలం ఆకుతో రొమ్ము క్యాన్సర్‌కు చెక్" అని శీర్షిక. పక్కన ఆకుల కొమ్మ బొమ్మ, కింద తెల్లకోటు తొడుక్కున్న అధ్యాపకుడు గాజు నాళిక పైకెత్తి చూస్తున్న ఫోటో. వార్తలో పదిహేడు వాక్యాలున్నాయి, లెక్కపెట్టాను. "ప్రయోగశాలలో పెంచిన కణాలపై" అన్న మాట పద్నాలుగో వాక్యంలో వస్తుంది. అక్క ఐదో తరగతి వరకే చదువుకుంది. బావ పైకి చదివి వినిపించారట. ఆయన పద్నాలుగో వాక్యం దాకా వెళ్లారని నేను అనుకోను.

ఈ ఉత్తరం ఆ పద్నాలుగో వాక్యం గురించి.

నేను డాక్టరును కాను, శాస్త్రవేత్తనూ కాను. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో 27 ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి, రిటైరయ్యాక హన్మకొండలో ఉంటున్నాను. నా ఉద్యోగమల్లా కణాలను పెంచడమే. చచ్చిపోయాయని మీరు రాశారే, ఆ జాతి కణాలను మేపి, పెంచి, చంపడానికి అప్పగించడం నా పని. కాబట్టి ఆ చావు ఎలాంటిదో నాకు దగ్గరగా తెలుసు.

ముందు ఇంటి సంగతి చెబుతాను. అక్క వాళ్లది పరకాల దగ్గర పల్లె. మీ వార్త వచ్చిన ఏడు సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు వెళ్లాను, అక్కను హన్మకొండకు తీసుకొచ్చి పద్మాక్షి గుట్ట దగ్గర ఆడించాలని. పెరట్లో కాళ్లు కడుక్కుంటూ సీతాఫలం చెట్టు వైపు చూశాను. కాయలు కళ్లు విప్పే కాలం. పైకొమ్మలు గుబురుగా ఉన్నాయి, చేతికందే కొమ్మలన్నీ బోడిగా ఉన్నాయి. "మేకలు పడ్డాయా ఏమిటి బావా?" అన్నాను. అన్న వెంటనే నాకే తోచింది, సీతాఫలం ఆకును మేక ముట్టదు. గుట్టల మీద మిగతా చెట్లన్నీ గొరిగినట్టయినా సీతాఫలం పొదలు పచ్చగా మిగిలేది అందుకే. బావ మాట్లాడలేదు. అక్క పొయ్యి మీది గిన్నె దించుతోంది. రెండు చేతులతో దించాల్సిన గిన్నెను కుడిచేత్తోనే దించింది. ఎడమ చేయి పైకి లేవడం లేదు.

మృగశిర కార్తెలో స్నానం చేస్తుంటే బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలిందట. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. రొమ్ములో గడ్డ నొప్పి లేకపోతేనే మరీ అనుమానించాలని నేను ఆమెతో ఎన్నడూ అనలేదు. ఇరవై ఏడేళ్లు ఆ కణాల మధ్యనే ఉండి, సొంత అక్కకు ఆ ఒక్క మాట చెప్పని తప్పు నాది, అది మీ మీద తోయను. వారం తర్వాత బావకు చెప్పింది. మరో వారానికి మీ వార్త వచ్చింది. ఇక రోజూ పరగడుపున ఇరవై ఆకులు, రెండు గ్లాసుల నీళ్లు, అర గ్లాసుకు మరిగేదాకా పొయ్యి మీద. నాలుగు నెలలు. మధ్యలో ఆకు దొరకదేమోనని అంగడిలో పొడి కూడా కొన్నారు, ప్యాకెట్ 600 రూపాయలు. ఆ ప్యాకెట్ మీద అంటించింది ఏమిటో తెలుసా? మీ వార్త జిరాక్సు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ అమ్మకందారుడు ప్రకటన రాయించుకోనక్కరలేకపోయింది, మీ శీర్షిక ఉండనే ఉంది.

నేను చూసే నాటికి గడ్డ నిమ్మకాయంత ఉంది. చంకలో ఇంకో రెండు.

ఇక కణాల దగ్గరికి వస్తాను. రొమ్ము క్యాన్సర్ మీద ఏ మొక్క పసరు పరీక్షించాలన్నా ముందు వరసలో ఉండేవి ఎంసీఎఫ్-7 అనే కణాలు. అవి ఒక మనిషివి. అమెరికాలో సిస్టర్ కేథరిన్ ఫ్రాన్సిస్ అనే 69 ఏళ్ల సన్యాసినికి రొమ్ము క్యాన్సర్ ముదిరి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరితే, 1970లో ఆ నీటి నుంచి తీశారు. డెట్రాయిట్‌లోని మిషిగన్ క్యాన్సర్ ఫౌండేషన్‌లో హెర్బర్ట్ సూల్ బృందం చేసిన ఏడో ప్రయత్నంలో అవి బతికాయి, పేరు చివర 7 అందుకే వచ్చింది. ఆమె ఆ ఏడాదే చనిపోయారు. కణాలు మాత్రం ప్రపంచంలోని ఎన్నో ల్యాబుల్లో ఇంకా పెరుగుతున్నాయి. నేను సంక్రాంతి రోజు కూడా వెళ్లి వాటికి మేత మార్చి వచ్చేదాన్ని. గులాబీ రంగు ద్రవం, అందులో దూడ రక్తపు సీరం, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. మేత అయిపోయి పులుపెక్కితే గులాబీ రంగు పసుపులోకి తిరుగుతుంది. సీసా రంగు చూసి వాటి ఆకలి చెప్పగలిగేదాన్ని. ఇంట్లో పాలు పొంగిపోయిన రోజులున్నాయి కానీ ల్యాబులో సీసా పసుపు తిరగనిచ్చిన రోజు లేదు.

పరీక్ష జరిగేది ఒక ప్లాస్టిక్ పళ్లెంలో. అరచేతిలో పడుతుంది, 96 గుంటలుంటాయి, ఇడ్లీ రేకుకు చిట్టి చెల్లెలు అనుకోండి. ఒక్కో గుంటలో ఐదు నుంచి పది వేల కణాలు వేసి, ఒక రాత్రి అంటుకోనిచ్చి, పొద్దున మొక్క సారాన్ని వేరువేరు మోతాదుల్లో పోస్తారు. ఒకటి రెండు రోజులయ్యాక ఎంటీటీ అనే పసుపు ఉప్పు కలుపుతారు. బతికి ఉన్న కణం దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది. చచ్చిన కణానికి ఆ శక్తి ఉండదు. స్ఫటికాలను కరిగించి యంత్రంలో పెడితే, ఊదా ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు లెక్క. 1983 నుంచి ఉన్న పద్ధతి. చవక, తేలిక, ఎమ్మెస్సీ విద్యార్థి కూడా నెలలో నేర్చుకుంటాడు. మీ వార్తలో "90 శాతం క్యాన్సర్ కణాలు నాశనం" అన్న లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే.

ఒక్క పళ్లెం సంగతి చెప్పనివ్వండి. చాలా ఏళ్ల కిందట ఒక పరిశోధక విద్యార్థిని అడవి నుంచి తెచ్చిన ఏదో ఆకు సారం పోసింది. రెండు రోజుల తర్వాత పళ్లెం చూస్తే ఊదా చుక్క లేదు. మైక్రోస్కోపులో కణాలన్నీ ముడుచుకుపోయి, అడుగు నుంచి ఊడి తేలుతున్నాయి. పిల్ల సంతోషం పట్టలేక స్వీట్లు పంచింది. నేను ఒక స్వీటు తిని, "సారాన్ని దేంట్లో కరిగించావు?" అని అడిగాను. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో. "ఆ ద్రావకం ఒక్కటే పోసిన గుంటలు ఏవి?" లేవు. మర్నాడు ఇద్దరం కూర్చుని వేశాం. ఆకు లేని గుంటల్లోనూ కణాలు చచ్చాయి. అర శాతం దాటనివ్వకూడని ద్రావకం ఐదు శాతం పడింది. ఆమె ఏడ్చింది, తర్వాత రెండు నెలలు కూర్చుని సరిగ్గా చేసింది. ఆకు కొద్దిగా పనిచేస్తుందని తేలింది, అంతే. ఆ మొదటి పళ్లెం రోజున ఆమె గైడు ఫోన్ తీసి విలేకరికి చెప్పి ఉంటే మరునాడు మీ పేజీలో ఏమి పడేదో నేను ఊహించగలను.

పొరపాటు రెండో వైపు నుంచీ వస్తుంది. కొన్ని ఆకుల్లోని వగరు పదార్థాలు కణాల ప్రమేయమే లేకుండా పసుపు ఉప్పును ఊదాగా మార్చేస్తాయి. అప్పుడు చచ్చినవి బతికినట్టు కనిపిస్తాయి. ఈ తప్పులన్నీ దాటి వచ్చిన ఫలితమైనా సరే, అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగులుతుంది: పక్కన ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణాల మీద కూడా పోసి చూశారా? వాటినీ చంపితే అది మందు కాదు, విషం. ఉప్పునీళ్లు చిక్కగా పోసినా ఎంసీఎఫ్-7 చస్తుంది.

మోతాదు సంగతి మరీ మోసం చేస్తుంది. ఇలాంటి ప్రయోగాల్లో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు అనుకుంటే అర గ్రాము సారం చాలు. ఎంత తక్కువ! అని బావ లాంటివారు అనుకుంటారు. కానీ ఆ అర గ్రాము మొత్తం రక్తంలోకి ఎక్కాలి, అక్కడే నిలవాలి. పళ్లానికి కడుపు లేదు, కాలేయం లేదు. మన పసుపునే తీసుకోండి. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాల మధ్య నడిచినవాళ్లెవరికైనా పసుపు అంటే గౌరవమే, నాకూ అంతే. పసుపులో బరువుకు సుమారు 3 శాతం ఉండే కర్కుమిన్ పళ్లెంలో క్యాన్సర్ కణాలను బ్రహ్మాండంగా చంపుతుంది. అదే కర్కుమిన్‌ను రోగులకు రోజుకు 8 గ్రాములు మింగించి చూస్తే రక్తంలో కనిపించింది అత్యల్పం. 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు కొందరు అప్పటిదాకా జరిగినవన్నీ తిరగేశారు. మనుషుల మీద 120కి పైగా ప్రయోగాలు జరిగినా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి పకడ్బందీగా చేసిన వాటిలో ఒక్కటీ నెగ్గలేదని రాశారు. పరీక్షలను పక్కదారి పట్టించే గుణం కూడా కర్కుమిన్‌కు ఉందని అదే వ్యాసంలో ఉంది. కూరలో వేసుకోవడం మానమని ఎవరూ అనలేదు.

సీతాఫలం ఆకులో ఏమీ లేదని నేను అనడం లేదు. ఉన్నది కాస్త ఎక్కువే. ఎసిటోజెనిన్లు అనే పదార్థాలు కణానికి శక్తినిచ్చే యంత్రాంగాన్నే ఆపేస్తాయి, అది క్యాన్సర్ కణమా కాదా అని చూడవు. మా చిన్నప్పుడు పేలకు సీతాఫలం గింజల పొడి తలకు పట్టించేవారు, కంట్లో పడితే ఆ పిల్ల మూడు రోజులు చీకటి గదిలో ఉండాల్సిందే. కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో సీతాఫలం చుట్టమైన లక్ష్మణఫలం పండ్లు, ఆకుల కషాయం ఎక్కువగా తీసుకునేవారిలో పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బు కనిపిస్తోందని 1999లోనే వైద్యులు రాశారు. మేక ఎందుకు ముట్టదో ఆలోచించాల్సింది.

అక్కను హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. హార్మోను మీద ఆధారపడే రకం అని రిపోర్టు వచ్చింది. ఎంసీఎఫ్-7 కూడా అదే రకం. ఆ కాగితం పట్టుకుని కారిడార్‌లో కాసేపు నిలబడిపోయాను. గడ్డ పెద్దది కాబట్టి ముందు మందులతో చిన్నది చేసి, ఆ తర్వాత కోయాలన్నారు. మొదట ఎర్ర మందు అనే కీమో. జుట్టంతా పోయింది. తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు. మొదటి రోజు బాటిల్ పెట్టకముందే వరసగా మూడు ఇంజెక్షన్లు చేస్తే అక్క బెదిరింది.

"అక్కా, ఇది చెట్టు మందే," అన్నాను.

"ఏ చెట్టు?"

"మన దగ్గర పెరగదు. అమెరికాలో చలి అడవుల్లో ఉంటుంది. దాని బెరడు."

"మరి ఆ బెరడు మరిగించి తాగితే సరిపోదా?"

నీళ్లలో కరగదు, అందుకే ఆముదం నుంచి చేసిన ఒక ద్రవంలో, స్పిరిట్‌లో కరిగించి ఎక్కిస్తారు, ఆ ద్రవం ఒంటికి పడకపోతే ప్రమాదం కాబట్టి ముందు ఆ ఇంజెక్షన్లు అని చెప్పాను. "ఆముదమా!" అని బాటిల్ వైపు చాలాసేపు చూసింది. ఒకప్పుడు వాళ్ల మిట్ట చేలో ఆముదాలు వేసేవాళ్లు. పక్క మంచం పేషెంటు కోడలు కూడా కుర్చీ దగ్గరికి జరుపుకొని వినడం మొదలుపెట్టింది, కాబట్టి మొత్తం చెప్పాను. మీకూ చెబుతాను, ఇది వార్తగా రాయదగ్గ చెట్టు కథ.

అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ 1960ల నుంచి 1980ల మొదటి దాకా వేల రకాల మొక్కల నుంచి లక్షకు పైగా సారాలు పరీక్షించింది. అందులో ఒకటి 1962లో వాషింగ్టన్ రాష్ట్రపు అడవిలో ఆర్థర్ బార్‌క్లే అనే వృక్షశాస్త్రవేత్త ఒలిచి తెచ్చిన పసిఫిక్ యూ చెట్టు బెరడు. దాని లోపలి పదార్థమే పాక్లిటాక్సెల్, దాని రూపం తేల్చడానికి మన్రో వాల్, మన్‌సుఖ్ వానీలకు 1971 దాకా పట్టింది. వానీ మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవారు. అది కణాన్ని ఎలా చంపుతుందో 1979లో సూసన్ హోర్విట్జ్ చూపించారు: కణం రెండుగా చీలేటప్పుడు లోపల కట్టుకునే సన్నని గొట్టాలు తిరిగి విడిపోకుండా బిగించేస్తుంది, కణం చీలలేక చస్తుంది. అయినా కిలో మందు తీయాలంటే వేల చెట్లు నరకాలి. ఐరోపా యూ చెట్టు ఆకుల నుంచి సగం సరుకు తీసి, మిగతా సగం ల్యాబులో కట్టే దారి దొరికాక గానీ ఆ చిక్కు తీరలేదు. అండాశయ క్యాన్సర్‌కు 1992లో, రొమ్ము క్యాన్సర్‌కు 1994లో అనుమతి వచ్చింది. బెరడు ఒలిచిన రోజు నుంచి లెక్కేస్తే 32 ఏళ్లు. మన గుమ్మాల ముందు పూసే బిళ్లగన్నేరుదీ ఇలాంటి కథే. దాని నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కు 1960ల నుంచి వాడుతున్నారు. ఆ ఆకు నమిలి ఎవరికీ లుకేమియా తగ్గలేదు, తగ్గిస్తుందని ఆ మందు కనిపెట్టినవారెవరూ అనలేదు.

అంటే మొక్కలంటే నాకు పడదని కాదు. ఏటూరునాగారం అడవిలో నేలవేము, తిప్పతీగ ఏరుకొచ్చి పరీక్షించే పిల్లల పని మంచి పని, వాళ్లు చేస్తూనే ఉండాలి. వాళ్ల పళ్లెం ఆ 32 ఏళ్లలో మొదటి వారం. మొదటి వారాన్ని మీరు చివరి వారంగా అచ్చేస్తున్నారు. ఇందులో మీ విలేకరి తప్పు సగమే. సెమినార్ రోజున ప్రెస్ నోటు చేతిలో పెట్టి, "ఎలుకల మీద ఇంకా చేయలేదు" అన్న సంగతి మింగేసే ఆచార్యులది మిగతా సగం.

నేను అడిగేది పెద్దది కాదు. శీర్షికలో కాకపోయినా మొదటి వాక్యంలో "గాజుపాత్రలో పెంచిన కణాల మీద" అని వేయండి. ఎలుక మీద చేస్తే ఎలుక అని, మనిషి మీద చేస్తే ఎంతమంది మీద అని. ఆరోగ్యకర కణాలతో పోల్చారా అని విలేకరి ఒక్క ప్రశ్న అడగాలి, జవాబు లేకపోతే వార్త వారం ఆగినా నష్టం లేదు. "చెక్" అన్న మాటను క్యాన్సర్ పక్కన వాడడం మానేయండి, చదరంగం పేజీలో వాడుకోండి. చివర నాలుగు లైన్ల పెట్టె ఒకటి వేసి, గడ్డ కనిపిస్తే ఎక్కడ చూపించుకోవాలో రాయండి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, 98 వేల మంది దానితో చనిపోయారు. ముంబైలో టాటా మెమోరియల్ వారు లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు ఒక ప్రయోగం చేశారు. యంత్రం లేదు, మందు లేదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి ఇంటికి దగ్గర్లోనే చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 50 ఏళ్లు దాటినవారిలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో వెల్లడైంది. ఆ వార్త మీ జిల్లా పేజీలో నాకు కనబడలేదు. అలాగే 2018లో అమెరికాలో వచ్చిన అధ్యయనం: చికిత్స కాదని ప్రత్యామ్నాయ వైద్యమే నమ్ముకున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు చావు ముప్పు ఐదున్నర రెట్లు ఎక్కువని తేలింది. దానికి పక్కన వేయడానికి పచ్చని కొమ్మ బొమ్మ దొరకదు, నిజమే.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. ఆపరేషన్ అయింది, కరెంటు (రేడియేషన్) పెట్టడం అయింది, రోజూ ఒక మాత్ర వేసుకుంటోంది. జుట్టు ఉంగరాలు తిరిగి వచ్చింది. ఎడమ చేయి వాపు మాత్రం పూర్తిగా తగ్గలేదు. గడ్డ బఠాణీ అంత ఉన్నప్పుడే వచ్చి ఉంటే చంకలో అంత కోయాల్సి వచ్చేది కాదేమోనని డాక్టరమ్మ అన్నారు. గత బతుకమ్మకు తంగేడు, గునుగు నేనే పేర్చాను, అక్క పళ్లెం తిప్పుతూ కూర్చుంది. ఏదో ఒక ఏడాది గునుగు పువ్వు మీద కూడా ఒక వార్త వస్తుందని నాకు భయం.

ఈ ఉత్తరంతో ఆ కత్తిరింపు జిరాక్సు జతచేస్తున్నాను. మీకు పంపాలి, అసలుది ఇవ్వమని అడిగితే అక్క ఇవ్వలేదు. కవరు మూసి దిండు కింద పెట్టుకుంది. గడ్డ తగ్గింది బాటిల్ మందుతోనే, ఆకుతో కాదు అని మరోసారి చెప్పాను.

"ఇది పేపర్లో పడింది కదా చెల్లె," అంది. "నువ్వు చెప్పేది ఎక్కడ పడింది?"

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
హన్మకొండ